సున్నపు నేలల్లో చక్కెరల జీవక్రియ: ఎంజైము సహకారకాల పాత్ర
ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పైర్ల నేపథ్యంలో

కడప జిల్లాలో సున్నానికి కొరత లేదు. ఇళ్ల నేలకు పరిచే నల్లని కడప బండ నార్జి సున్నపురాయి. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు కర్మాగారాలు వెలసింది సున్నపురాయి కోసమే. వేంపల్లె మీదుగా పులివెందుల దిక్కుగా వెళ్లేకొద్దీ డోలోమైటు కనిపిస్తుంది. అందులో కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా కార్బొనేటు రూపంలోనే ఉంటుంది. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలా సముదాయాలను వర్ణిస్తూ వెలువరించిన గ్రంథం భూగర్భ శాస్త్రానికి ఎంత ముఖ్యమో, ఈ ప్రాంతపు సేద్యాన్ని అర్థం చేసుకోవడానికీ అంతే ముఖ్యం. ఆ రాళ్లు చివికి ఏర్పడిన నేలలు, పెన్నా, కుందూ నదుల వెంట పరుచుకున్న నల్లరేగళ్లు చాలాచోట్ల క్షార స్వభావం కలవి. వాటి ఉదజని సూచిక 8 దాటడం ఇక్కడ విశేషం కాదు.

ఈ నేలల్లో పండే పైర్లు ఒకదానితో ఒకటి పోలికలేనివి. ప్రొద్దుటూరు వైపు కె.సి. కాలువ కింద వరి, పసుపు, నల్లరేగడిలో పత్తి పండుతాయి. జమ్మలమడుగు వైపు రబీలో నేలలో మిగిలిన తేమ మీద బుడ్డశనగ, జొన్న పండుతాయి. పులివెందుల వైపు బిందు సేద్యం కింద చీనీ, అరటి తోటలు ఉన్నాయి. అయినా రైతుల ఫిర్యాదుల్లో ఒకటి తరచుగా వినిపిస్తుంది. ఎరువు వేశారు, నీరు పెట్టారు, ఆకు పచ్చగానే ఉంది, కానీ గింజ నిండలేదు, గెల బరువు తూగలేదు, కాయకు తీపి ఎక్కలేదు. ఆకులో తయారైన చక్కెర చేరవలసిన చోటికి చేరలేదన్నదే ఈ ఫిర్యాదుల సారం. దానికి మందుగా అంగడిలో దొరికే సూక్ష్మపోషకాల మిశ్రమాన్ని గుడ్డిగా పిచికారీ చేయడం అలవాటుగా మారింది. కొన్నిసార్లు ఫలితం కనిపిస్తుంది, ఎక్కువసార్లు డబ్బు వృథా అవుతుంది. ఏ లోహం చక్కెర ప్రయాణంలో ఏ మెట్టు దగ్గర పనిచేస్తుందో తెలిస్తే తప్ప ఈ రెండు సందర్భాలను ముందుగా వేరుచేయలేము.

సాధారణంగా పోషక లోపాన్ని నేలకూ మొక్కకూ మధ్య ఉన్న సమస్యగా చూస్తారు. సున్నపు నేలల్లో అది రెండు అంచెల సమస్య. నేలలో ఉన్నది వేరుకు అందకపోవచ్చు. ఆకులోకి చేరినది ఎంజైముకు అందకపోవచ్చు. మొదటి అంచెను భూసార పరీక్ష కొంతవరకు పట్టిస్తుంది. రెండవదాన్ని పట్టుకోవాలంటే సహకారకాల సంగతి తెలియాలి.

సహకారకం అంటే ఏమిటి

ఎంజైము ప్రధానంగా మాంసకృత్తు. అయితే అనేక ఎంజైములు కేవలం మాంసకృత్తుతో పనిచేయవు. వాటికి తోడు కావాలి. ఆ తోడు ఒక లోహపు అయాను కావచ్చు, ఒక చిన్న సేంద్రియ అణువు కావచ్చు. 1897లో ఎడ్వర్డ్ బుఖ్నర్ జీవకణాలు లేని ఈస్టు రసంతో చక్కెరను పులియబెట్టి చూపాడు. 1906లో ఆర్థర్ హార్డెన్, విలియం యంగ్ ఆ రసాన్ని వడపోసి రెండు భాగాలు చేశారు. ఏ భాగమూ విడిగా చక్కెరను పులియబెట్టలేదు, రెండూ కలిపితే పులిసింది. పెద్ద అణువులున్న భాగం వేడికి చెడిపోయింది. చిన్న అణువులున్న భాగం మరిగించినా చెడలేదు. చెడనిదే సహకారకాల సముదాయం. ఈ రంగంలో కృషికి హార్డెన్, హాన్స్ ఫాన్ ఆయిలర్ 1929లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

అదే 1929లో కండరాల నుంచి ఏటీపీని వేరుచేసిన వారిలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో రూపొందించిన భాస్వరం అంచనా పద్ధతి విద్యార్థులకు ప్రయోగశాలలో పరిచయమైనదే. నీలిరంగు గాఢతను బట్టి భాస్వరాన్ని లెక్కించే ఆ పద్ధతి లేకపోతే చక్కెర జీవక్రియలో ఫాస్ఫేటు ఎక్కడ చేరుతోందో, ఎక్కడ విడిపోతోందో తెలుసుకోవడం చాలా కష్టమయ్యేది. ఏటీపీ గురించి వ్యవసాయ విద్యార్థి గుర్తుంచుకోవలసిన సంగతి మరొకటి ఉంది. కణంలో ఏటీపీ చాలావరకు ఒంటరిగా ఉండదు, మెగ్నీషియంతో కూడి ఉంటుంది. ఫాస్ఫేటును బదిలీ చేసే ఎంజైములు గుర్తించేది ఆ జంటనే. కాబట్టి భాస్వరం ఎంత వేసినా మెగ్నీషియం లేనిచోట ఏటీపీ పూర్తిగా పనికిరాదు.

సేంద్రియ సహకారకాలను సహ ఎంజైములు అంటారు. పైరువేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైముల సముదాయం గ్లూకోజు విచ్ఛిన్నాన్ని మైటోకాండ్రియాలోని సిట్రిక్ ఆమ్ల చక్రంతో కలుపుతుంది. దానికి ఐదు సహ ఎంజైములు కావాలి: థయమిన్ పైరోఫాస్ఫేటు, లిపోయిక్ ఆమ్లం, కోఎంజైమ్ ఏ, ఎఫ్‌ఏడీ, ఎన్‌ఏడీ. వీటిలో మొదటి మూడింటిలో గంధకం ఉంది. లిపోయిక్ ఆమ్లం తప్ప మిగతా నాలుగింటిలో భాస్వరం ఉంది. గంధకం లోపించిన పైరులో మాంసకృత్తులే కాదు, శ్వాసక్రియ కూడా కుంటుపడడానికి ఇదొక దారి. అయితే ఈ సహ ఎంజైములన్నింటినీ మొక్క తానే తయారుచేసుకుంటుంది. మనుషులకు వీటిలో చాలావాటి ముడిసరుకు విటమిన్ల రూపంలో బయటి నుంచి కావాలి, మొక్కకు అక్కరలేదు. "విటమిన్లు", "ఎంజైములు" ఉన్నాయంటూ అమ్మే గుళికల విషయంలో విస్తరణ శాస్త్రవేత్త రైతుకు ముందుగా చెప్పవలసిన మాట ఇదే. మొక్క తయారుచేసుకోలేనివి మూలకాలు మాత్రమే.

ప్రొద్దుటూరు: వరిమడిలో జింకు

నీరు నిలిచిన మడిలో నాటిన వరి వేరుకు ఆక్సిజన్ కరువు. అప్పుడు వేరు తన చక్కెరను పూర్తిగా దహించలేదు, పులియబెట్టుకుంటుంది. గ్లూకోజు పైరువేటుగా మారాక, పైరువేట్ డీకార్బాక్సిలేజ్ దాన్ని అసిటాల్డిహైడుగా మారుస్తుంది. దీనికి థయమిన్ పైరోఫాస్ఫేటు, మెగ్నీషియం కావాలి. ఆ తరువాత ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అసిటాల్డిహైడును ఆల్కహాలుగా మారుస్తుంది. దీని క్రియాస్థానంలో జింకు ఉంటుంది. ఈ చివరి మెట్టు చూడడానికి వ్యర్థంలా కనిపిస్తుంది. కానీ ఎన్‌ఏడీ మళ్లీ విడుదలయ్యేది అక్కడే. అది విడుదల కాకపోతే గ్లైకాలిసిస్ మొత్తం ఆగిపోతుంది. జింకు చాలని వరి వేరు తన దగ్గరున్న చక్కెరను వాడుకోలేక శక్తి లేక నీరసిస్తుంది. నాటిన రెండు మూడు వారాలకు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు కనిపించేసరికి వేరు ఎప్పుడో దెబ్బతిని ఉంటుంది.

ఉత్తరాదిలో ఖైరా అని పిలిచే ఈ రుగ్మత తెగులు కాదనీ, జింకు లోపమనీ 1966లో పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనే నిరూపించారు. సున్నం పాలు ఎక్కువగా ఉన్న నేలకు నీరు నిలవడం తోడైతే బైకార్బొనేటు పెరిగి జింకు లభ్యతను మరింత తగ్గిస్తుంది. ఉదజని సూచిక ఒక అంకె పెరిగితే నేల ద్రావణంలో జింకు కరిగే గుణం సుమారు వంద రెట్లు తగ్గుతుందనే సూత్రం 7 ఉన్న నేలకూ 8.5 ఉన్న నేలకూ ఎంత తేడా ఉందో చెబుతుంది. డీటీపీఏ ద్రావణంతో చేసే పరీక్షను లిండ్సే, నార్వెల్ 1978లో ప్రామాణికం చేశారు. దాని ప్రకారం కిలో మట్టిలో 0.6 మిల్లీగ్రాముల కన్న తక్కువ జింకు ఉంటే లోపంగా పరిగణిస్తారు.

ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటును ఆఖరి దుక్కిలో వేయడం, పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున పిచికారీ చేయడం రైతులకు తెలిసిన సిఫారసే. తెలిసినా తప్పేది ఒక్కచోట. భాస్వరపు ఎరువుతో కలిపి వేస్తే జింకు కరగని ఫాస్ఫేటుగా మారుతుంది. డీఏపీ బస్తాను, జింకు సల్ఫేటును ఒకే గంపలో కలిపి చల్లే అలవాటు మానాలి. ఏళ్ల తరబడి అధికంగా డీఏపీ వేసిన నేలల్లో మొక్క లోపల కూడా ఇదే వైరం కొనసాగుతుంది: ఆకులో జింకు ఉంటుంది, కానీ అందులో జీవక్రియకు అందే భాగం తగ్గుతుంది.

ఇక్కడే రెండవ అంచె బయటపడుతుంది. ఆకును బూడిద చేసి మొత్తం జింకును కొలిస్తే, పనిచేసే జింకు ఎంతో తెలియదు. కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైముకు జింకు తప్పనిసరి. జింకు తగ్గిన ఆకులో అన్నింటికన్న ముందు పడిపోయే వాటిలో దీని చురుకుదనం ఒకటి. 1974లో ద్వివేది, రంధావా ఈ ఎంజైము చురుకుదనాన్నే కొలిచి, లక్షణాలు కనిపించని జింకు ఆకలిని గుర్తించే త్వరిత పరీక్షను ప్రతిపాదించారు. లోహాన్ని కాక, లోహం చేసే పనిని కొలవడం ఆ పద్ధతిలోని మెలకువ. ఇది విస్తరణ ప్రయోగశాలల్లోకి పెద్దగా రాకపోవడం విచారించదగ్గ విషయం.

జమ్మలమడుగు: శనగ, జొన్న

కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ గాలిలోని కార్బన్ డై ఆక్సైడును బైకార్బొనేటుగా మారుస్తుంది. శనగ, వరి వంటి సీ3 పైర్లలో ఈ ఎంజైము చాలావరకు తగ్గినా కిరణజన్య సంయోగక్రియ వెంటనే పడిపోదు. జొన్నలో అలా కాదు. సీ4 పైరైన జొన్న కార్బన్‌ను మొదట పట్టుకునేది బైకార్బొనేటు రూపంలోనే. కాబట్టి ఒకే చేలో, ఒకే స్థాయి జింకు ఉన్నప్పుడు, జొన్నలో లోపం చక్కెర తయారీ మొదటి మెట్టునే తాకుతుంది. శనగలో అది ముందుగా మాంసకృత్తుల తయారీనీ, చిగురు ఎదుగుదలనూ తాకుతుంది. శనగ ఆకులో అప్పుడు చక్కెర తగ్గడానికి బదులు పోగుపడవచ్చు. ఎదుగుదల ఆగినందువల్ల వాడుకునేవారు లేక మిగిలిన చక్కెర అది. దాన్ని చూసి పైరు ఆరోగ్యంగా ఉందనుకోవడం పొరపాటు.

జొన్నలో మాంగనీసు పాత్ర కూడా విశేషమైనదే. మొదటి మెట్టులో తయారైన మాలిక్ ఆమ్లం లోపలి కణాల్లోకి చేరాక, మాలిక్ ఎంజైము దాని నుంచి కార్బన్ డై ఆక్సైడును విడదీస్తుంది. ఆ ఎంజైముకు మాంగనీసు గానీ మెగ్నీషియం గానీ కావాలి. నీటి అణువును చీల్చి ఆక్సిజన్‌ను విడుదల చేసే స్థానంలో నాలుగు మాంగనీసు అణువులు ఉండనే ఉన్నాయి.

శనగ ఈ నేలకు తగిన పైరు కావడం వెనుక చక్కెర జీవక్రియకు సంబంధించిన ఒక ఆసక్తికరమైన కారణం ఉంది. తెల్లవారుజామున శనగ చేలో నడిచినవారి కాళ్లకు పులుపు అంటుతుంది. ఆకుల మీది నూగు నుంచి మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు స్రవిస్తాయి. వేళ్ల దగ్గర కూడా శనగ సేంద్రియ ఆమ్లాలను, ముఖ్యంగా మాలోనిక్ ఆమ్లాన్ని, వదులుతుంది. వేరు చుట్టూ ఉన్న పలుచని మట్టిపొరలో అవి కాల్షియంతో బిగుసుకున్న భాస్వరాన్ని విడిపిస్తాయి. లోహాల కరుగుదలకూ తోడ్పడతాయి. ఈ ఆమ్లాలన్నింటికీ ముడిసరుకు ఆకులో తయారైన చక్కెరే. మొక్క తన చక్కెరలో కొంత భాగాన్ని ఖర్చుపెట్టి సహకారకాలను సంపాదించుకుంటుందన్నమాట. తేమ తగ్గి ఆకు చక్కెర తయారీ మందగించినప్పుడు ఈ ఖర్చు పెట్టే శక్తి కూడా తగ్గుతుంది. వర్షాభావపు రబీలో పోషక లోపాలు ఒక్కసారిగా బయటపడడానికి ఇదొక కారణం.

వేరు బుడిపెలు చక్కెరకు మరో పెద్ద గిరాకీ. ఆకు నుంచి దిగిన సుక్రోజు బుడిపెలో విచ్ఛిన్నమై, మాలేటు రూపంలో రైజోబియం బ్యాక్టీరియాకు చేరుతుంది. ఒక్క నత్రజని అణువును స్థిరీకరించడానికి కనీసం 16 ఏటీపీ అణువులు, ప్రతి ఏటీపీతో పాటు మెగ్నీషియం కావాలి. నైట్రోజినేజ్ ఎంజైములో ఇనుము, మాలిబ్డినం ఉంటాయి. ఇక్కడ విస్తరణ శాస్త్రవేత్త విచక్షణ చూపాలి. జింకు, ఇనుములకు భిన్నంగా మాలిబ్డినం లభ్యత క్షార నేలల్లో పెరుగుతుంది. ఆమ్ల నేలల కోసం ఉద్దేశించిన మాలిబ్డినం సిఫారసును జమ్మలమడుగు రేగడికి తెచ్చిపెట్టవలసిన పని లేదు. ఇక్కడ బుడిపెకు కొరవడేది ఇనుము. బుడిపెను కోసి చూస్తే లోపల గులాబీ రంగు కనిపించాలి. ఆ రంగునిచ్చే లెగ్‌హిమోగ్లోబిన్‌లోనూ ఇనుమే ఉంది. పాలిపోయిన బుడిపెలు కనిపిస్తే రైజోబియం కల్చరును తప్పుపట్టే ముందు చిగురాకు రంగు చూడాలి.

ఇనుము విషయంలో మరో చిక్కు ఉంది. సున్నపు నేలల్లో పసుపుబారిన ఆకును విశ్లేషిస్తే ఒక్కోసారి పచ్చని ఆకులో కన్న ఎక్కువ ఇనుమే కనిపిస్తుంది. బైకార్బొనేటు ప్రభావం వల్ల ఇనుము ఆకుదాకా వచ్చినా ఫెర్రిక్ రూపంలో నిలిచిపోతుంది. ఎంజైములకు పనికివచ్చే ఫెర్రస్ రూపం తక్కువ. ఈ చిక్కును విప్పడానికి 1980లో కత్యాల్, శర్మ తాజా ఆకు నుంచి ఫెర్రస్ ఇనుమును మాత్రమే ఆర్థోఫినాంత్రోలిన్‌తో వేరుచేసి కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఆకును ఎండబెట్టి చేసే మామూలు విశ్లేషణ ఇనుము విషయంలో అక్కరకు రాదని విద్యార్థులు గుర్తించాలి.

వేరుశనగకూ ఇతర పైర్లకూ సిఫారసు చేసే అన్నభేది, నిమ్మఉప్పు ద్రావణం ఈ రసాయన శాస్త్రాన్నే వాడుకుంటుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదితో పాటు 1 గ్రాము నిమ్మఉప్పు కలపడం ద్రావణాన్ని పులుపు చేయడానికి మాత్రమే కాదు. సిట్రిక్ ఆమ్లం ఇనుమును పట్టి ఉంచి తొందరగా తుప్పుగా మారకుండా కాపాడుతుంది. నిమ్మఉప్పు ఖర్చు మిగుల్చుకోవాలని అన్నభేది ఒక్కటే చల్లితే, బోరు నీటిలోని బైకార్బొనేటుతో కలిసి డ్రమ్ములోనే ఎర్రని మడ్డి దిగుతుంది. ఆ మడ్డి ఆకుకు ఉపయోగపడదు.

పులివెందుల: అరటి గెల, చీనీ కాయ

పచ్చి అరటికాయ గుజ్జులో 20 నుంచి 25 శాతం పిండి పదార్థం ఉంటుంది. పండేసరికి అది ఒకటి రెండు శాతానికి పడిపోయి, చక్కెరలు సుమారు 20 శాతానికి చేరతాయి. అంటే రైతు నిజానికి పండించేది పిండిని. తీపి తరువాత గోదాములో తయారవుతుంది. గెల బరువును నిర్ణయించే మెట్టు పిండి తయారీ. స్టార్చి సింథేజ్ ఎంజైముకు పొటాషియం కావాలి. గ్లైకాలిసిస్ చివరి మెట్టైన పైరువేట్ కైనేజ్‌కు పొటాషియం, మెగ్నీషియం రెండూ కావాలి. పైరువేట్ కైనేజ్‌కు పొటాషియం అవసరాన్ని 1942లో బాయర్, లార్డీ, ఫిలిప్స్ జంతు కండరంలో గుర్తించారు. అదే సూత్రం మొక్కలకూ వర్తిస్తుంది. అరవైకి పైగా ఎంజైములను పొటాషియం ఉత్తేజపరుస్తుంది.

జింకు, ఇనుములతో పోలిస్తే పొటాషియం తీరు వేరు. అది ఎంజైములో గట్టిగా బిగుసుకోదు, కణరసంలో అధిక గాఢతలో ఉండి ఎంజైము ఆకృతిని పనికి అనువుగా నిలుపుతుంది. కాబట్టి గ్రాముల్లో సరిపోదు, కిలోల్లో కావాలి. దాని స్థానాన్ని సోడియం భర్తీ చేయలేదు. చౌడు నేలలో పైరుకు ఇది మరో దెబ్బ. పొటాషియం చాలని ఆకులో పిండి తగ్గి, కరిగే చక్కెరలు, నత్రజని సమ్మేళనాలు పోగుపడతాయి. అటువంటి ఆకు తెగుళ్లకు సులువుగా లొంగుతుంది.

నల్లరేగడి భూసార పరీక్షలో పొటాష్ "ఎక్కువ" అని రావడం మామూలు. అది చూసి అరటికి పొటాష్ తగ్గించడం తప్పు. కాల్షియం, మెగ్నీషియం నిండిన నేలలో పొటాషియం ఆ రెండింటితో పోటీపడి వేరులోకి చేరాలి. అరటి గిరాకీ మరే పైరుకూ లేనంతది. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన తప్పు కూడా బిందు సేద్యపు తోటల్లో జరుగుతుంది. గెల వేశాక డ్రిప్పు ద్వారా పొటాష్ వరుసగా ఎక్కించేసరికి, తేలికపాటి ఎర్రనేలల్లో వేరు దగ్గర మెగ్నీషియం ఓడిపోతుంది. చుట్టూ డోలోమైటు రాయి ఉన్నా ఆకులో మెగ్నీషియం లోపం రావచ్చు. మొదటి అంచె సమస్యకు ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

మెగ్నీషియం లోపం చక్కెర ప్రయాణాన్ని ఎక్కడ ఆపుతుందో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. హరితరేణువులో కార్బన్‌ను పట్టే రూబిస్కో ఎంజైము క్రియాస్థానంలో మెగ్నీషియం ఉంటుంది. వెలుగు పడినప్పుడు హరితరేణువు లోపలి ద్రవపు ఉదజని సూచిక 7 నుంచి 8 దాకా పెరిగి, మెగ్నీషియం కూడా పెరిగి రూబిస్కో మేల్కొంటుంది. కానీ లోపం ఏర్పడినప్పుడు ముందుగా దెబ్బతినేది చాలా పైర్లలో చక్కెర తయారీ కాదు, ఎగుమతి. సుక్రోజును పోషక కణజాలంలోకి ఎక్కించడానికి కణపొర మీది ప్రోటాను పంపు తిరగాలి. దానికి మెగ్నీషియంతో కూడిన ఏటీపీ కావాలి. చిక్కుడు మొక్కల మీద చక్మక్, మార్ష్‌నర్ బృందం 1994లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఆకులో పసుపు రంగు ప్రబలక ముందే సుక్రోజు పోగుపడడం కనిపించింది. మెగ్నీషియం తిరిగి అందించగానే తక్కువ సమయంలోనే ఎగుమతి కోలుకుంది. వేరు ఎదుగుదల తగ్గడం, ఆకు బరువెక్కి గట్టిపడడం పసుపుబారడం కన్న ముందే వస్తాయి. ఎగుమతి కాని చక్కెర నిండిన ఆకు మీద తీవ్రమైన ఎండ పడితే హానికరమైన ఆక్సిజన్ రూపాలు తయారవుతాయి. పులివెందుల ఎండలో ఈ ఆకులు మాడిపోవడానికి కారణం నీటి ఎద్దడి ఒక్కటే కాకపోవచ్చు.

కోత తరువాత కథ కూడా సహకారకాలతో ముడిపడినదే. కాయ పండడానికి నాంది పలికే ఇథిలీన్ చివరి మెట్టును నడిపే ఎంజైముకు ఫెర్రస్ ఇనుము, ఆస్కార్బిక్ ఆమ్లం కావాలి. ఇథిలీన్‌ను గుర్తించే గ్రాహకంలో రాగి ఉంటుంది. పిండి రేణువును వదులుచేసే ఎంజైముకు ఏటీపీ కావాలి. ఆ తరువాత దాన్ని కోసే బీటా అమైలేజ్‌కు మాత్రం ఏ సహకారకమూ అక్కరలేదు. ఇథిలీన్ గదిలో పండించడం ఈ సహజ క్రమాన్నే తొందరపెడుతుంది. కాల్షియం కార్బైడు వాడకం నిషిద్ధం. ఎదగని గెలను ఎలా పండించినా, పోయని పిండి చక్కెరగా మారదు.

చీనీలో ప్రశ్న కొంచెం వేరు. ఇక్కడ కాయలో పిండి నిల్వ ఉండదు. ఆకు పంపిన సుక్రోజు నేరుగా రసపు తిత్తుల్లో చేరుతుంది. నాలుకకు తగిలే రుచి చక్కెరకూ సిట్రిక్ ఆమ్లానికీ మధ్య పాళ్లను బట్టి ఉంటుంది. సిట్రిక్ ఆమ్లాన్ని కరిగించే తొలి ఎంజైము అకోనిటేజ్. దానిలో ఇనుము, గంధకం కలిసిన గుచ్ఛం ఉంటుంది. కాయ ఎదిగే తొలిదశలో ఇది మందగించి పులుపు పోగుపడుతుంది. పక్వదశలో కణరసంలోని అకోనిటేజ్ చురుకై పులుపు తగ్గుతుంది. కాయ పుల్లగా ఉందంటే చక్కెర తక్కువని మాత్రమే అనుకోకూడదు. పులుపు తగ్గలేదా అన్న ప్రశ్న కూడా వేయాలి. బోరాన్‌ను ఈ జాబితాలో చేర్చే అలవాటు కొన్ని కరపత్రాల్లో కనిపిస్తుంది. బోరాన్ కణపు గోడకు అవసరం, పూత కాపుకు అవసరం. కానీ మొక్కల్లో అది ఏ ఎంజైముకూ సహకారకంగా రుజువు కాలేదు.

చీనీ తోటలో లోపాన్ని చూసి గుర్తించడం నేర్పే విషయమే. లేత ఆకులు చిన్నవై, సన్నబడి, ఈనెల మధ్య పసుపు మరకలుంటే జింకు. ఆకు పరిమాణం తగ్గకుండా ఈనెల మధ్య మందంగా పాలిపోతే మాంగనీసు. చిగురాకు మొత్తం పాలిపోయి సన్నని ఈనెల వల మాత్రమే పచ్చగా మిగిలితే ఇనుము. ముదురాకులో తొడిమ వైపు పచ్చని ముక్కోణం మిగిలి చుట్టూ పసుపైతే మెగ్నీషియం. ఇవన్నీ నడిమి ఈనెకు రెండు పక్కలా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. రెండు పక్కలా పొంతన లేని మచ్చలుంటే గ్రీనింగ్ తెగులును అనుమానించాలి. సిల్లిడ్ పురుగు ద్వారా వ్యాపించే ఈ బ్యాక్టీరియా పోషక కణజాలాన్ని పూడ్చేస్తుంది. ఆకులో పిండి విపరీతంగా పేరుకుంటుంది, జింకు లోపం లాంటి లక్షణాలు కూడా తోడవుతాయి. ఇటువంటి చెట్లకు ఏళ్ల తరబడి జింకు చల్లుతూ పోతే తెగులు పక్క చెట్లకు పాకడానికి వ్యవధి ఇచ్చినట్టే.

పొలంలోనే చేయదగిన ఒక పరీక్ష ఈ అనుమానాలను కొంతవరకు విడదీస్తుంది. ఆరోగ్యమైన ఆకు పగలు పోగుచేసిన పిండిలో ఎక్కువ భాగాన్ని రాత్రి సుక్రోజుగా మార్చి పంపేస్తుంది. ఒకే వయసు, ఒకే దిక్కు ఆకులను సాయంత్రం కొన్ని, మరునాడు సూర్యోదయానికి ముందు కొన్ని కోయాలి. వేడి ఆల్కహాలులో ముంచి పత్రహరితం తీసేసి, అయోడిన్ ద్రావణంలో వేయాలి. ఆల్కహాలును నేరుగా మంట మీద పెట్టకుండా వేడినీటి గిన్నెలో ఉంచి వేడిచేయాలి. మంచి చెట్టు ఆకుల్లో సాయంత్రానికి, తెల్లవారుజాముకు నలుపులో స్పష్టమైన తేడా ఉంటుంది. జింకు లేదా ఇనుము లోపమే ప్రధానమైతే ఆ తేడా చాలావరకు నిలుస్తుంది. మెగ్నీషియం లోపంలో తేడా తగ్గుతుంది. గ్రీనింగ్‌లో మచ్చలున్న భాగాలు ఉదయం కూడా నల్లగానే ఉంటాయి. కొమ్మ బెరడు దెబ్బతిన్నా ఇలాగే కనిపిస్తుంది కనుక ముందుగా బెరడు పరిశీలించాలి. ప్రతిసారీ పక్కనే ఉన్న ఆరోగ్యమైన చెట్టు ఆకులతో పోల్చాలి. అనుమానం బలపడితే ఆకులను పీసీఆర్ పరీక్షకు పంపాలి. ఆ ఫలితం వచ్చేవరకు ఆ చెట్టు నుంచి అంటుకు మొగ్గలు తీయరాదు.